డిండోలి కుండీలో దక్షిణ సముద్రపు చెట్టు

డిసెంబరు దగ్గర పడేసరికి సూరత్ నర్సరీల్లో ఒక మొక్క ముందు వరసలోకి వస్తుంది. నిటారుగా ఒకే కాండం, దాని చుట్టూ అంతస్తులుగా కొమ్మలు, కొమ్మంతా మెత్తని ముదురాకుపచ్చ సూదాకులు. అమ్మేవాళ్ళు క్రిస్మస్ ట్రీ అంటారు, కాస్త తెలిసినవాళ్ళు అరకేరియా అంటారు. డిండోలి, ఉధనా, లింబాయత్ వైపు రో-హౌసుల గుమ్మాల పక్కన, ఫ్లాట్ల గ్యాలరీల్లో ఇప్పుడిది తరచుగానే కనిపిస్తోంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు కూడా తులసి, మందారం, కరివేపాకుల సరసన దీనికీ ఒక కుండీ దొరుకుతోంది.

అయితే ఆ మొక్కల్లో చాలావాటికి వచ్చే జూన్ చూసే యోగం ఉండదు. ముందు కింది వరస కొమ్మలు గోధుమరంగుకు తిరుగుతాయి, తర్వాత ఆపై వరస, ఆఖరికి మోడు మిగులుతుంది. చలిదేశపు చెట్టు కదా, మన ఎండకు ఆగలేదు అని ఇంట్లోవాళ్ళు తీర్పు చెప్పి, ఆ కుండీలో ఇంకేదో నాటుకుంటారు. ఆ తీర్పు తప్పు. ఈ చెట్టు చలిదేశానిది కానే కాదు. మనం పోసే నీళ్ళు, నింపే మట్టి, వేసే కత్తెర దీన్ని చంపినంతగా ఎండ చంపదు. దీని పుట్టుక, దీని ఒళ్ళు పనిచేసే తీరు తెలిస్తే డిండోలిలో ఇది హాయిగా బతుకుతుంది.

ముందు శంకుధారి అంటే ఏమిటో చూద్దాం. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు, బంతి అన్నీ పూలమొక్కలే. పువ్వులో ఉన్న అండాశయం కాయగా మారుతుంది, విత్తనం ఆ కాయ గోడల మధ్య భద్రంగా ఉంటుంది. శంకుధారి వృక్షాలకు, అంటే కోనిఫర్లకు, ఈ ఏర్పాటు లేదు. పువ్వూ లేదు, కాయా లేదు. పొలుసులు ఒకదాని మీద ఒకటి అమరి శంకువు తయారవుతుంది. ఆ పొలుసుల మీద విత్తనం కాయ కప్పు లేకుండానే పెరుగుతుంది. అందుకే వీటిని వివృతబీజాలు అన్నారు. పుప్పొడి మోయడానికి తేనెటీగ పని లేదు, గాలి చాలు. లోకంలో పూచే మొక్కల జాతులు సుమారు 3 లక్షలుంటే శంకుధారులు 600 పైచిలుకు మాత్రమే. దేవదారు, చీర్ పైన్, సైప్రస్, జునిపెర్, తూజా, అరకేరియా అన్నీ ఆ చిన్న కుటుంబాల సమూహంలోవే.

సరుగుడును చూసి ఇదీ ఆ జాతే అనుకునేవాళ్ళు చాలామంది. బాపట్ల, ఒంగోలు తీరాల్లో పెరిగే ఆ చెట్టు దూరం నుంచి పైన్ చెట్టులాగే ఉంటుంది, చిన్న శంకువుల్లాంటి కాయలు కూడా కాస్తుంది. కానీ అది పూచే మొక్క. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, సన్నని రెమ్మలు. ఒక రెమ్మను కణుపు దగ్గర విరిచి భూతద్దంతో చూస్తే కణుపు చుట్టూ చిన్న పళ్ళలాంటి పొలుసులు కనిపిస్తాయి, అసలు ఆకులు అవే. పిల్లలతో చేయించదగిన పని ఇది. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో సహజంగా పుట్టిన శంకుధారి చెట్టు ఒక్కటీ లేదు. అరకు వైపు కనిపించే పైన్ తోటలు మనుషులు నాటినవి. దక్షిణ భారతం మొత్తంలో సహజంగా పెరిగే శంకుధారి ఒకే ఒక్క జాతి, పడమటి కనుమల తడి అడవుల్లో ఉండే నాగేయా వాలిచియానా. దాని ఆకులు సూదుల్లా కాక వెడల్పుగా ఉంటాయి కాబట్టి చూసినవాళ్ళు కూడా దాన్ని శంకుధారి అనుకోరు.

మరి మన మైదానాల్లో ఇవెందుకు లేవు? ఇక్కడే ఎండ మీద నెపం వేయడం తేలిక. అసలు కారణం చెట్టు నీటిని పైకి తీసుకెళ్ళే పద్ధతిలో ఉంది. వేప, మామిడి వంటి చెట్ల కాండంలో వెడల్పైన దారునాళాలుంటాయి. కణాల మధ్య అడ్డుగోడలు కరిగిపోయి ఏర్పడిన పొడవాటి గొట్టాలవి. వేరు నుంచి ఆకు దాకా నీరు వాటిలో ధారాళంగా పోతుంది, చెట్టు వేగంగా ఎదుగుతుంది. శంకుధారుల కాండంలో ఈ నాళాలు ఉండవు. రెండు కొసలూ మూసుకున్న సన్నని పొడవాటి కణాలు మాత్రమే ఉంటాయి. ఒక కణం నుంచి పక్క కణంలోకి నీరు గోడల్లోని సూక్ష్మ రంధ్రాల గుండా దాటాలి. చాలా శంకుధారుల్లో ఆ రంధ్రం మధ్యలో చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. కరువులోనో గడ్డకట్టే చలిలోనో ఒక కణంలోకి గాలిబుడగ దూరితే ఆ బిళ్ళ పక్కకు జరిగి రంధ్రాన్ని మూసేస్తుంది. మన బావి మోటారు కింద ఫుట్‌వాల్వు చేసే పని లాంటిదే ఇది. గాలి పక్క కణానికి పాకదు, మిగతా కాండం పనిచేస్తూనే ఉంటుంది.

ఈ పద్ధతి భద్రమైనది, కానీ నెమ్మది. మంచు కురిసే చోట, రాళ్ళ మీద, బలం లేని నేలల్లో భద్రతదే గెలుపు. అందుకే హిమాలయాల్లో, సైబీరియాలో, కెనడాలో శంకుధారులు అడవులను ఏలుతున్నాయి. వాన, ఎండ, సారవంతమైన మట్టి మూడూ దొరికే మైదానంలో వేగానిదే పైచేయి. వెడల్పాకుల చెట్లు ముందే ఎదిగి నీడ కప్పేస్తాయి, నిదానంగా పెరిగే శంకుధారి మొలక ఆ నీడలో నలిగిపోతుంది. అంటే మైదానంలో ఈ చెట్లను ఓడించినది ప్రధానంగా పోటీ. కుండీలో ఆ పోటీ లేదు. పక్కన గడ్డి మొలిస్తే మనమే పీకేస్తాం, నీడ పడితే మనమే జరుపుతాం. అడవిలో ఓడిన చెట్టు తోటలో గెలవగలగడానికి కారణం ఇదే.

ప్రతి శంకుధారీ గెలుస్తుందని కాదు. దేవదారు మొగ్గలు విచ్చుకోవాలంటే ముందు గట్టి చలికాలం గడవాలి, సూరత్‌లో ఆ చలి లేదు. నర్సరీలో పసుపుపచ్చగా మెరిసిపోయే గోల్డెన్ సైప్రస్ కూడా ఇక్కడికి పనికిరాదు. దాని పూర్వీకులు కాలిఫోర్నియాలోని మాంటెరీ తీరంలో, వేసవిలో కూడా పొగమంచు కమ్మే చల్లటి గట్ల మీద పుట్టారు. వేడి, తేమ కలిసి ఉండే గాలిలో దానికి శిలీంధ్రాల రోగాలు పట్టుకుంటాయి. ఆ మొక్కను నవంబరులో చూసి ముచ్చటపడి కొంటే మే నెలలో బాధపడాలి. నా మాట వింటే దాని జోలికే పోకండి.

అరకేరియా సంగతి వేరు. 1774లో కెప్టెన్ జేమ్స్ కుక్ రిజల్యూషన్ అనే ఓడలో పసిఫిక్ మహాసముద్రాన్ని గాలిస్తూ న్యూ కాలెడోనియా దీవులకు చేరాడు. దక్షిణపు కొసన ఉన్న దీవి మీద నిటారుగా లేచిన స్తంభాల గుంపులు కనిపించాయి. అవి చెట్లా, రాతి స్తంభాలా అని ఓడ మీద వాదన చెలరేగింది. ప్రకృతి శాస్త్రజ్ఞులు బసాల్ట్ రాతి స్తంభాలే అన్నారు, కుక్ చెట్లేనన్నాడు. దగ్గరికి వెళ్తే కుక్ మాటే నిజమైంది. ఆ దీవికి ఐల్ ఆఫ్ పైన్స్ అన్న పేరు నిలిచింది. ఆ చెట్టే అరకేరియా కాలమ్నారిస్, వాడుకలో కుక్ పైన్. కొద్ది రోజుల తర్వాత అదే ప్రయాణంలో కుక్ నార్ఫోక్ దీవిలో దాని తోబుట్టువును చూశాడు. అది అరకేరియా హెటెరోఫిల్లా, నార్ఫోక్ పైన్. పేరులో పైన్ ఉన్నా రెండూ పైన్ కుటుంబానివి కావు, వాటిది అరకేరియా అనే వేరే కుటుంబం. మన నర్సరీల్లో రెండూ ఒకే పేరుతో అమ్ముడవుతాయి. ఎదిగాక తేడా తెలుస్తుంది. కుక్ పైన్ స్తంభంలా సన్నగా లేస్తుంది, బెరడు సన్నని పట్టీలుగా ఊడుతుంది. నార్ఫోక్ పైన్ కింద వెడల్పుగా, త్రికోణంలా విస్తరిస్తుంది.

ఇప్పుడు అట్లాసు తెరవండి. ఐల్ ఆఫ్ పైన్స్ భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 22 డిగ్రీల దూరంలో ఉంది. సూరత్ ఉత్తరంగా సుమారు 21 డిగ్రీల దూరంలో ఉంది. దిక్కు మారిందే తప్ప దూరం దాదాపు ఒకటే. మంచు పడని ఉష్ణమండలం, ఉప్పుగాలి, తుపాన్లు, ఉక్క. తాపీ నది సముద్రంలో కలిసే ఊరికి ఇంతకంటే దగ్గరి పోలిక ఉన్న శంకుధారి ఏముంటుంది? ఇక్కడి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు తాకే ఎండ మాత్రం ఆ దీవిలో ఉండదు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఆ రెండు నెలలకు మన సాయం కావాలి.

గుజరాత్‌కు ఈ కుటుంబం కొత్తది కూడా కాదు. కచ్ రాళ్ళలో దొరికిన శంకుపొలుసుల శిలాజానికి 19వ శతాబ్దంలోనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఒటోకార్ ఫైస్ట్‌మాంటెల్ అరకేరైటిస్ కచెన్సిస్ అని పేరు పెట్టాడు. పేరులోనే అరకేరియా ఉంది, కచ్ ఉంది. అటు తెలంగాణలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని గంగాపూర్ పేరుతో పిలిచే గోదావరి లోయ శిలాస్తరాల్లో ఈ కుటుంబానికి చెందిన పుప్పొడి రేణువులు శిలాజాలుగా దొరికాయి. అవి డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ యుగపు తొలినాళ్ళవి, పది కోట్ల ఏళ్ళ కంటే పాతవి. అప్పటికి మన భూభాగం దక్షిణార్ధగోళంలోనే ఉంది. ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికాలతో కలిసి ఉన్న గోండ్వానా ముక్కలై దూరమవుతున్న కాలమది. తర్వాత మన ఖండం ఉత్తరంగా కదులుతూ భూమధ్యరేఖ దాటింది, వాతావరణం మారింది, పూలమొక్కలు విజృంభించాయి, అరకేరియా ఇక్కడ కనుమరుగైంది. దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, దాని చుట్టుపక్కల దీవుల్లో మిగిలింది. ఇప్పుడు బతికి ఉన్న సుమారు 20 అరకేరియా జాతుల్లో సగానికి పైగా న్యూ కాలెడోనియాలోనే ఉన్నాయి. అదే కుటుంబానికి చెందిన వోలెమీ పైన్ సిడ్నీకి దగ్గరి లోయలో 1994లో కనబడేదాకా బతికి ఉన్నట్టే లోకానికి తెలియదు. గోదావరి ఒడ్డు నుంచి గుజరాత్‌కు వచ్చినవాళ్ళు డిండోలిలో అరకేరియా నాటితే, రెండు చోట్లా ఒకప్పుడున్న వంశాన్ని తిరిగి తెచ్చినట్టే. ఈ సంగతి తెలిశాక ఆ కుండీని నేను మామూలు అలంకారంగా చూడలేను.

ఇక పెంపకం. అరకేరియా విషయంలో రెండే పెద్ద నియమాలు: తల కోయకూడదు, కాళ్ళు నాననివ్వకూడదు.

తల అంటే నడి కొస. మామిడికో మందారానికో కొస తుంచితే పక్క కొమ్మలు లేచి గుబురవుతాయి. అరకేరియా కొమ్మకు ఆ స్వభావం లేదు. అది పక్కకు పెరగడానికే పుట్టింది, జీవితాంతం పక్కకే పెరుగుతుంది. దాన్ని కోసి వేరే కుండీలో గుచ్చితే, వేళ్ళు పట్టినా సరే, నేల మీద పాకినట్టు అడ్డంగానే ఎదుగుతుంది, నిటారు చెట్టు ఎప్పటికీ కాదు. అందుకే నర్సరీలవాళ్ళు విత్తనంతోనో, నడి కొస ముక్కతోనో మొక్కలు తయారు చేస్తారు. కొస విరిగిన చెట్టు కాండం మీద నుంచి కొత్త కొసలు లేపవచ్చు గానీ, ఆ తొలి సౌష్ఠవం ఇక రాదు. కాబట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది పైకి. కొస ఒక్కటే ఉందా, నిగనిగలాడుతోందా, విరిగి అతుక్కున్న గుర్తుందా? కొందరు అందం కోసం ఒకే కుండీలో నాలుగైదు మొలకలు గుచ్చి గుబురుగా అమ్ముతారు. అవి పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఒంటి కాండం ఉన్నదే తీసుకోండి. ఇంటికి తెచ్చాక కొస విరగకుండా ఉండాలంటే పిల్లలు ఆడే చోట, బట్టలారేసే తీగల కింద పెట్టకండి.

కుండీలోని మొక్కకు రాలిన కింది కొమ్మలు మళ్ళీ రావు. అందుకే ఒక్క కొమ్మ ఎండినా కారణం వెతకాలి. నూటికి తొంభై సార్లు కారణం కాళ్ళ దగ్గరే దొరుకుతుందని నా నమ్మకం.

సూరత్ నేల నల్లరేగడి. ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళ నాటి దక్కను లావా అరిగి, తాపీ మోసుకొచ్చి పరిచిన బంకమట్టి. దాని బంక కణాలు నీరు తాగితే ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుని పగుళ్ళిస్తాయి. పత్తికి అది వరం. అరకేరియాకు అది ఉరి. వానాకాలంలో సూరత్‌లో పడేది సుమారు 1,200 మిల్లీమీటర్లు, అదీ దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఉబ్బిన బంకమట్టిలో గాలి నిలిచే సందులు మూసుకుపోతాయి. వేరుకు నీరెంత అవసరమో ప్రాణవాయువూ అంతే అవసరం. ఊపిరాడని వేళ్ళు కుళ్ళుతాయి, కుళ్ళిన వేళ్ళలోకి ఫైటోఫ్తోరా వంటి బూజులు దిగుతాయి. విచిత్రమేమిటంటే పైన కనిపించే లక్షణం మాత్రం దాహానిదే. ఆకు వాడుతుంది, రంగు పోతుంది. వేరు చచ్చింది కనుక మట్టిలో నీరున్నా పైకి ఎక్కదు. అది చూసి ఇంకో చెంబు పోస్తాం. అలా చచ్చిన మొక్కలకు లెక్కలేదు. కుక్ పైన్ సొంత ఊరిలో తీరం వెంట పగడపు సున్నపురాయి మీద నిలబడుతుంది. ఎంత కురిసినా నీరు నిలవని నేల అది. సున్నపు నేలలో పుట్టింది కాబట్టి మన రేగడిలోని క్షారగుణం దాన్ని పెద్దగా బాధించదు. బాధించేది బురద.

కుండీకి మట్టి ఇలా కలపండి: ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరిపొట్టు ఒక వంతు, చిన్న కంకరో ముతక ఇసుకో ఒక వంతు. అడుగున కనీసం మూడు నాలుగు రంధ్రాలుండాలి, కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి నేలకు తగలకుండా లేపాలి. కింద పళ్ళెం పెట్టి అందులో నీరు నిలవనిస్తే చేసిన పనంతా వృథా. నీరు పోసేముందు వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు వద్దు. ఈ చెట్టు వేళ్ళు మట్టిలోని మేలుచేసే శిలీంధ్రాలతో జత కడతాయి, ఆ శిలీంధ్రాలు ఉండడానికి వేళ్ళ మీద చిన్న బొడిపెలు కూడా ఉంటాయి. పైన్ చెట్లకు కావలసిన శిలీంధ్రాలు వేరు, ఇవి మన పొలాల మట్టిలో మామూలుగా ఉండే రకమే. కాబట్టి పైన్ అడవి మట్టి తెప్పించాల్సిన పని లేదు. గుప్పెడు మంచి తోట మట్టి కలిస్తే చాలు. రసాయన ఎరువు గుప్పిస్తే ఆ జత చెడుతుంది.

నీటి నాణ్యత గురించి ఒక ముఖ్యమైన మాట. అరకేరియా ఉప్పుగాలికి పెట్టింది పేరు. ఆకు మీది మైనపు పొర ఉప్పును లోపలికి రానివ్వదు. ఆ నమ్మకంతోనే సిడ్నీ బీచుల వెంట నార్ఫోక్ పైన్లు వరసగా నాటారు. 1960లు, 70లలో అవి ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. పరిశోధించగా తేలినది ఇది: మురుగునీటితో పాటు సముద్రంలో కలిసిన డిటర్జెంట్లు అలల తుంపరతో ఆకుల మీద పడ్డాయి. సబ్బు పదార్థం మైనపు పొరను దాటే దారి తీసింది, ఆ దారిన ఉప్పు లోపలికి వెళ్ళింది. అప్పటిదాకా ఏమీ చేయలేని అదే ఉప్పు అప్పుడు చంపింది. డిండోలివాళ్ళకు ఈ కథ పక్కింటి కథే. వాషింగ్ మెషీన్ నుంచి వచ్చిన నీళ్ళు వృథా ఎందుకని మొక్కలకు పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కొన్నిచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. విడివిడిగా దేన్నైనా కొంత తట్టుకుంటుంది, రెండూ కలిస్తే కష్టం. అరకేరియాకు కుళాయి నీరో వాననీరో పోయండి. పిండినల్లి పట్టినప్పుడు వేపనూనె, సబ్బు కలిపి కొడితే మర్నాడు ఉదయం మంచినీళ్ళతో ఆకులు కడిగేయండి. దుమ్ము పేరుకున్నప్పుడు కూడా వారానికోసారి ఒట్టి నీటితో కడిగితే పత్రరంధ్రాలు తెరిపిన పడతాయి.

వేసవిలో ఆకుకు తగిలే ఎండ కంటే కుండీ గోడకు తగిలే ఎండ ప్రమాదకరం. మేడ మీద సిమెంటు కాలుతుంటే నల్ల ప్లాస్టిక్ కుండీలోని మట్టి ఉడుకుతుంది, అంచున ఉన్న లేత వేళ్ళు మాడిపోతాయి. కుండీకి సున్నం వేయండి, లేదా పెద్ద కుండీలో చిన్న కుండీ దించి సందులో కొబ్బరిపీచు కూరండి. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు గ్యాలరీ దీనికి స్వర్గం. నర్సరీ షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే మేడ ఎక్కించకండి, రెండు మూడు వారాలు నీడ నుంచి ఎండకు మెల్లగా జరపండి. నెలకోసారి కుండీని పావు చుట్టు తిప్పితే ఒకవైపే వాలదు.

వాలడం అన్నాను కాబట్టి ఒక వింత చెప్పాలి. కుక్ పైన్లు నేలలో పెరిగి పెద్దవైతే భూమధ్యరేఖ వైపు ఒరుగుతాయి. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞుడు మాట్ రిట్టర్, ఆయన సహచరులు ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి 2017లో ఎకాలజీ పత్రికలో ఈ విషయం ప్రకటించారు. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి, సగటున 8.55 డిగ్రీలు. భూమధ్యరేఖకు ఎంత దూరమైతే ఒరుగు అంత ఎక్కువ. పీసా గోపురం ఒరిగింది సుమారు 4 డిగ్రీలే. ఎందుకు ఒరుగుతాయో ఇంకా పూర్తిగా తేలలేదు. మన దేశంలో ఎక్కడైనా పెద్ద కుక్ పైన్ కనిపిస్తే దిక్సూచి పట్టుకుని చూడండి. గాలికి వంగిందనుకునే చెట్టు దక్షిణాన్ని చూపిస్తూ ఉండొచ్చు.

చోటు తక్కువైనవాళ్ళకు తూజా మంచిది. ఇప్పటి శాస్త్రీయ నామం ప్లాటిక్లేడస్ ఓరియెంటాలిస్, పుట్టిల్లు చైనా, కొరియా వైపు. చలికీ ఎండకూ రెండింటికీ ఓర్చుకునే అరుదైన శంకుధారి. గుజరాత్‌లో, ఉత్తరాదిలో దీన్ని మోర్‌పంఖి అంటారు. దీని రెమ్మ పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని బడిపిల్లల నమ్మకం. నిలువుగా నిలబడే చదునైన రెమ్మల మీద ఆకులు పొలుసుల్లా అంటుకుని ఉంటాయి. లోపలి రెమ్మలు ఏటా కొన్ని గోధుమరంగుకు తిరిగి రాలడం దీనికి సహజం. సతతహరితం అంటే ఆకు రాలదని కాదు, అన్నీ ఒకేసారి రాలవని. కంగారు పడాల్సింది బయటి కొసలు కంచురంగుకు తిరిగినప్పుడు. అది ఎండాకాలపు పొడిగాలిలో వచ్చే ఎర్రనల్లి పని కావచ్చు, తెల్లకాగితం మీద రెమ్మను తట్టితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. నీటిని జోరుగా కొట్టి కడగడమే మొదటి మందు. కత్తిరింపు పచ్చ ఉన్నంతవరకే చేయాలి. ఆకులేని పాత కట్టె దాకా కోస్తే అక్కడి నుంచి తిరిగి చిగురించదు. జునిపెర్‌కూ ఇదే నియమం.

ఈ మొక్కలు మన దగ్గరి నుంచే వెళ్తాయన్న సంగతి కూడా చెప్పాలి. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశంలోని అనేక రాష్ట్రాలకు లారీల్లో మొక్కలు పోతాయి, వాటిలో తూజా, అరకేరియా కూడా ఉంటాయి. దూరం నుంచి వచ్చిన మొక్క వేళ్ళ చుట్టూ బంకమట్టి గడ్డ బిగుసుకుని ఉంటే, వానలు తగ్గాక ఆ గడ్డ అంచుల్ని నెమ్మదిగా వదులు చేసి కొత్త మట్టిలోకి మార్చాలి. నేలలో నాటేవాళ్ళకు కూడా నా సలహా సెప్టెంబరు చివర, అక్టోబరు. అందరూ తొలకరికి నాటుతారు, నల్లరేగడిలో అది జూలై బురదలోకి తోసినట్టవుతుంది. అక్టోబరులో నాటితే వేళ్ళు పట్టుకోవడానికి నాలుగు చల్లని నెలలు దొరుకుతాయి. గుంత తవ్వి దాన్ని మంచి మట్టితో నింపడం కంటే అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ కట్టి దాని మీద నాటడం మేలు. బంకనేలలో తవ్విన గుంత వానకు నీళ్ళతొట్టిగా మారుతుంది.

చివరగా, ఇది పెద్ద చెట్టని మరచిపోకండి. సొంత దీవుల్లో 50 మీటర్లు దాటే జాతి. రో-హౌస్ గోడకు నాలుగడుగుల దూరంలో, కరెంటు తీగల కింద నేలలో పెట్టకండి. ఇంట్లో కుండీలోనే ఉంచి రెండు మూడేళ్ళకోసారి కుండీ మారుస్తూ పెంచుకోండి, చేయి దాటి పెరిగిన రోజున విశాలమైన చోటుకు పంపండి. నీడకు, పక్షులకు వేప, కానుగలను మించినవి లేవు, వాటి బదులు దీన్ని నాటమని నేను చెప్పను. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అలాంటి బడి ఆవరణలోనో, మీ సొసైటీ ఖాళీ స్థలంలోనో, గోడకూ తీగలకూ దూరంగా ఒక్క అరకేరియా నాటించండి. పక్కన చిన్న బోర్డు మీద దాని పేరు, కచ్ పేరు, గంగాపూర్ పేరు తెలుగులో రాయించండి. ఈ అక్టోబరుకే ఆ పని పెట్టుకోండి.